ఖాళీ ఇంటి ఊపిరి

“పారిపోయే మనిషి గొడుగు మర్చిపోవచ్చు, దువ్వెన మర్చిపోవచ్చు. ఊపిరి మర్చిపోతుందా?”

డిటెక్టివ్ నిదానం, బొటనవేలంత ఉన్న నీలం రంగు ఇన్‌హేలరు ఒకటి ప్రొఫెసరు బల్ల మీద పెట్టాడు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఊపిరి ఆడనప్పుడు నోట్లో కొట్టుకునే మందు. నిన్న మధ్యాహ్నం నుంచి కనిపించకుండా పోయిన డాక్టరమ్మ సొరుగులో అది దొరికింది.

పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు చూసుకుంటున్న ఆ డిటెక్టివ్‌ని అందరూ నిదానం అనే పిలుస్తారు. మెట్లెక్కినా, టీ తాగినా, ప్రశ్న అడిగినా ఆయనది ఒకటే వేగం. కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టరుకి ఆ వేగం చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఆయన నిదానం భార్యకి తమ్ముడు. ఆమె పోయి నాలుగేళ్ళు. బావ అనే పిలుపు మిగిలింది గానీ, అందులో తీపి మిగల్లేదు.

“ఉబ్బసం వాళ్ళ దగ్గర అలాంటివి మూడు నాలుగుంటాయి బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఒకటి పెట్టి ఒకటి పట్టుకుపోయి ఉంటుంది. ఆవిడ ఫోన్లోంచి వాళ్ళమ్మకి వచ్చిన మెసేజీ చూశావుగా? ‘నేను వెళ్తున్నాను. నా కోసం వెతకొద్దు.’ ఇంకేం కావాలి నీకు?”

“ప్రొఫెసరు గారితో మాట్లాడటం కావాలి. నీకు తొందరగా ఉంటే వెళ్ళు.”

“సాయంత్రం ఐదింటికి ఇక్కడ సభ ఉంది. పెద్దవాళ్ళంతా వస్తున్నారు. అప్పటిదాకా నువ్వెవర్నీ కంగారు పెట్టకుండా చూడటమే నా డ్యూటీ.”

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. భౌతికశాస్త్రంలో తలపండిన మనిషి. ఆయన వెనక గోడ నిండా పెద్ద తెర, దాని మీద వరసలు వరసలుగా ఆకుపచ్చ అంకెలు మారుతున్నాయి.

“మీ పరిశోధన ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి,” అన్నాడు నిదానం. “బళ్ళో సైన్సు మేష్టారికి భయపడి వెనక బెంచీలో దాక్కున్నవాణ్ణి.”

“మురికివాడల్లోంచి తరలించినవాళ్ళ కోసం ఎనిమిది అంతస్తుల భవనం కట్టారు. ఇళ్ళ నమూనా మా ఇంజనీరుది. అందులో ప్రతి ఇంట్లో మేం ఒక పెట్టె పెట్టాం. మనిషి వదిలే గాలిని అది కొలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్.”

“మా చిన్నప్పుడు బొగ్గుపులుసు వాయువు అనేవాళ్ళు.”

“అదే. ఆరుబయట గాలిలో పదిలక్షల పాళ్ళకి ఆ అంకె నాలుగు వందల ఇరవై దగ్గరుంటుంది. గది మూసుకుని నలుగురు కూర్చుంటే వెయ్యి, రెండు వేలకి ఎక్కుతుంది. అంత ఎక్కిందంటే ఒకరు వదిలింది ఇంకొకరు పీలుస్తున్నారన్నమాట. జబ్బులు అంటుకునేది అక్కడే.”

“మరి ఆ ఇళ్ళలో?”

“ఎక్కడా ఎనిమిది వందలు దాటలేదు. గాలి బాగుంది. ఇదే నమూనాలో ఇంకో పదివేల ఇళ్ళు కట్టొచ్చని ఇవాళ ప్రకటిస్తాం.”

“డాక్టరమ్మ ఒప్పుకుందా?”

ప్రొఫెసరు కళ్ళజోడు మళ్ళీ తుడిచాడు. తుడవడానికి ఇంక అందులో ఏమీ లేదు.

“ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరు. ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఏం జబ్బో రాసుకుంటుంది. దగ్గులు పెరుగుతున్నాయి, క్షయ పెరుగుతోంది అంటుంది. నా అంకెలకీ ఆవిడ దగ్గులకీ పొసగడం లేదు. నిన్న పొద్దున వచ్చి ఒకటే ప్రశ్న అడిగింది. ‘మీ పెట్టెకి బయటిగాలి ఎలా ఉంటుందో ఎవరు చెప్పారు?’ అని.”

“ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. త్రాసు ముల్లు సరిచేసుకున్నట్టు అదే సరిచేసుకుంటుంది. వారం మొత్తంలో తను చూసిన అతి తేట గాలిని బయటిగాలి అనుకుని, దాన్ని నాలుగు వందల ఇరవై కింద కట్టేసుకుంటుంది. ఏ ఇల్లయినా వారంలో ఒక్కసారైనా ఖాళీ అవుతుంది కదా!”

“మీ ఇల్లు అవుతుంది,” అన్నాడు నిదానం. “ఇవాళ పొద్దున నేను ఆ భవనంలో నాలుగు తలుపులు తట్టాను. నాలుగిళ్ళలోనూ ఎవరో ఒకరు నిద్రపోతున్నారు. పగటి షిఫ్టు వాళ్ళు లేచిన మంచం మీద రాత్రి షిఫ్టు వాళ్ళు వాలతారట. అద్దె ఇద్దరు పంచుకుంటారు. తాళం కప్ప కొనుక్కున్న ఇల్లు ఒక్కటీ లేదు. ఆ గదులు ఖాళీ అయ్యేదెప్పుడు?”

ప్రొఫెసరు తెర మీది అంకెల వైపు తిరిగి, సొంత పిల్లలే దొంగతనం చేసి దొరికిపోయినట్టు చూశాడు.

“అయితే... పెట్టెలు పాడుగాలినే బయటిగాలి అనుకున్నాయి. పద్నాలుగు వందలుంటే ఏడెనిమిది వందలని చూపిస్తున్నాయి.”

“డాక్టరమ్మ కనిపెట్టింది అదే. ఇంకెవరితో చెప్పింది?”

“ఇంజనీరుతో కూడా మాట్లాడతానంది.”

“మీరెప్పుడైనా ఆ భవనానికి వెళ్ళారా?”

“అవసరం రాలేదు. అంకెలు ఇక్కడికే వస్తాయి.”

“అంకెలు మీవి, గోడలు ఇంజనీరువి, దగ్గులు డాక్టరమ్మవి. ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుని ఎప్పుడైనా టీ తాగారా?”

ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొట్టాడు.

“శభాష్. పాఠం బాగుంది. మనిషి ఎక్కడ? ఆ భవనం మొత్తం నేను వెతికించాను బావా. పై అంతస్తులో వీళ్ళు పరీక్షల కోసం ఖాళీగా ఉంచుకున్న నమూనా ఇల్లుంది, దాంతో సహా. పొద్దున పదింటికి నేనే దగ్గరుండి కిటికీ తెరిపించాను. లోపల ఈగ కూడా లేదు.”

నిదానం ప్రొఫెసరు వైపు తిరిగాడు. “ఆ నమూనా ఇంట్లో కూడా పెట్టె ఉందా? నిన్నటి నుంచి అది ఏం చెప్పిందో చూపించండి.”

తెర మీద ఒక గీత వచ్చింది. నిన్న మధ్యాహ్నం దాకా చాప పరిచినట్టు తిన్నగా ఉంది. తర్వాత కొంచెం కొంచెంగా ఎక్కి ఐదు వందల నలభై దగ్గర నిలిచింది. సాయంత్రం ఒక్కసారిగా నాలుగు వందల ఇరవైకి పడి, రాత్రంతా అక్కడే ఉంది.

“ఎవరో వెళ్ళి కిటికీ తెరిచి ఉంటారు అనుకున్నాను,” అన్నాడు ప్రొఫెసరు.

“కిటికీ తెరిస్తే గీత జారాలి. ఇది మెట్టు దిగినట్టు దిగింది. సరే, ఇవాళ పదింటికి ఏమైంది?”

గీత మళ్ళీ కిందికి పోయింది. మూడు వందలు.

నిదానం లేచి తెర దగ్గరికి వెళ్ళి ఆ అంకెను చూపుడువేలితో తాకాడు.

“ఆరుబయటి గాలి కన్నా తేట గాలి ఏ గదిలో ఉంటుంది ప్రొఫెసరు గారూ?”

“ఏ గదిలోనూ ఉండదు. పెట్టె చెడిపోయింది.”

“పెట్టె వారానికోసారి తనంతట తను సరిచేసుకుంటుందన్నారు. అప్పటికప్పుడు మనం చేత్తో సరిచేసే వీలుందా?”

“వెనకాల బొత్తం ఉంది. పెట్టెని ఆరుబయట పెట్టి నొక్కాలి.”

“గదిలోనే నొక్కితే? ఎవరో ఊపిరి పీలుస్తున్న గదిలో?”

“ఆ పాడుగాలినే నాలుగు వందల ఇరవై అనుకుంటుంది. ఆ తర్వాత నిజమైన బయటిగాలి తగిలితే... మూడు వందలు చూపిస్తుంది.”

“నిన్న ఆ గదిలో ఒక మనిషి ఉంది. ఆ సంగతి తెర మీద కనిపిస్తోందని తెలిసినవాడొకడు వచ్చి, బొత్తం నొక్కి గీతని దించేశాడు. పొద్దున మా బావమరిది కిటికీ తెరవకపోతే మనకి తెలిసేదే కాదు. నీ కిటికీకి దండం పెట్టాలిరా.”

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. “నేను చూసినప్పుడు గది ఖాళీ. నా కళ్ళు అబద్ధమా? అంకెల్ని పట్టుకుని కూర్చుంటే మనుషులు దొరకరు బావా. అక్క ఆస్పత్రిలో ఉన్న రోజు కూడా నువ్వు ఇలాగే ఏదో గీత పట్టుకుని కూర్చున్నావు. నువ్వొచ్చేసరికి దుప్పటి ముఖం దాకా కప్పేశారు.”

నిదానం ఇన్‌హేలరు జేబులో వేసుకుని తలుపు తీశాడు.

బయట వరండాలో బెంచీ అంచున డాక్టరమ్మ తల్లి కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషి. పొద్దుట్నుంచీ ఎవరు ఏమిచ్చినా ముట్టలేదు.

“నాయనా, ఆ మెసేజీ మా అమ్మాయి రాసింది కాదు,” అంది లేచి నిలబడుతూ. “వాళ్ళ నాన్న ‘వెళ్తున్నా’ అని గడప దాటిన రోజే పోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ మాట ఎవరం అనం. సందు చివరి కొట్టుకి వెళ్ళినా ‘వస్తానమ్మా’ అనే వెళ్తుంది.”

“అది కోర్టులో నిలబడదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ ఈసారి గొంతులో వెటకారం లేదు.

“కోర్టులో నిలబడకపోతే పోనీ. మీరు నిలబడండి.” ఆమె నిదానం వైపు చెయ్యి చాపింది. “ఆ మందు ఇటియ్యి. దాని మందు నా దగ్గరుంటేనే నాకు కాళ్ళాడతాయి. నేనూ వస్తున్నాను.”

నిదానం ఇన్‌హేలరు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పిడికిట్లో బిగించింది. ప్రొఫెసరు కోటు వేసుకున్నాడు. నాలుగేళ్ళ పరిశోధనలో మొదటిసారి ఆయన తను కొలిచిన ఇల్లు చూడబోతున్నాడు.

* * *

భవనం ముందు ఎండ మాడ్చేస్తోంది. ఇన్‌స్పెక్టరు ముసలావిణ్ణి వెనక వైపుకి తీసుకెళ్ళి, పనివాళ్ళు ఎక్కిదిగే ఇనపమెట్ల కింద నీడలో కూర్చోబెట్టాడు. “ఇక్కడ చల్లగా ఉంటుంది. కదలకండి పెద్దమ్మా.” ముగ్గురూ లిఫ్టులో పైకి వెళ్ళారు.

ఇంజనీరు నమూనా ఇంటి తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. బొద్దుగా, నవ్వుతూ ఉండే మనిషి. వేలికి తాళాల గుత్తి తిరుగుతోంది.

“ప్రొఫెసరు గారే! నా ఇంటికి దయచేశారు! ఇన్నాళ్ళకి గాలి ఇటు మళ్ళిందన్నమాట.” తనే నవ్వాడు. “డాక్టరమ్మ సంగతేమైనా తెలిసిందా సార్? మంచి మనిషి. కాస్త పట్టుదల ఎక్కువ.”

“నిన్న మీతో మాట్లాడిందా?” అన్నాడు నిదానం.

“మాట్లాడతానంది, రాలేదు. నేను మధ్యాహ్నమంతా కింద సిమెంటు లారీ దించుకుంటున్నాను. కావాలంటే డ్రైవర్ని అడగండి.”

“పొద్దున వచ్చినప్పుడే అడిగాను. లారీ భోజనాల వేళకే వెళ్ళిపోయిందన్నాడు.”

తాళాల గుత్తి తిరగడం ఆగింది. మళ్ళీ తిరిగింది. “డ్రైవర్లకి ఏం గుర్తుంటుంది సార్.”

తలుపు తెరిచాడు. తలుపులో చదరపు అద్దం ఉంది. పరీక్ష జరుగుతున్నప్పుడు లోపలికి వెళ్ళకుండా చూడటానికట. లోపల ఒకటే గది. ఒక మూల వంటగట్టు, ఎడమ గోడకి కిటికీ. ఎదుటి గోడకి ఆనించి నేల మీద తెల్ల పెట్టె. దాని ముఖం మీద ఆకుపచ్చ అంకె: మూడు వందల అరవై. గది తుడిచి ఆరబెట్టినంత శుభ్రంగా ఉంది. నిదానం మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా చూశాడు. వెంట్రుక కూడా లేదు. పొద్దున చూసిన నాలుగిళ్ళలోనూ పెట్టె గోడకి ఛాతీ ఎత్తున తగిలించి ఉంది. ఇక్కడ మేకు ఉంది, పెట్టె మాత్రం కింద ఉంది.

“ఇది కిందికెందుకు వచ్చింది?”

“పడిపోతుంటే కింద పెట్టాను సార్.”

“కిటికీ తెరవండి. ఫ్యాను వెయ్యండి. గాలంతా మారాలి.”

కిటికీ తెరిచారు. అంకె జారి జారి మూడు వందల దగ్గర నిలిచింది.

“ఇప్పుడు కిటికీ మూసి, అందరం బయటికి వెళ్ళి, తలుపేసి అద్దంలోంచి చూద్దాం. లోపల మనిషి లేకపోతే అంకె కదలకూడదు. అంతేగా ప్రొఫెసరు గారూ?”

“కదలకూడదు.”

“ఎంతసేపు?” అన్నాడు ఇంజనీరు. నుదురు తుడుచుకున్నాడు. “నేను కిందికెళ్ళి సభకి కుర్చీలు పంపించి వస్తాను. తాళాలు ఇవిగో, మీ దగ్గరుంచండి.”

ఇన్‌స్పెక్టరు తాళాలు అందుకున్నాడు. ఇంజనీరు వరండా మలుపు తిరిగి వెళ్ళాడు.

ముగ్గురూ అద్దానికి ముఖాలు ఆనించారు. మూడు వందలు. మూడు వందలు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. “నా ఉద్యోగంలో గోడకి కాపలా కాయడం ఇదే మొదలు,” అని గొణిగాడు.

మూడు వందల రెండు.

“పెట్టెకి ఆమాత్రం వణుకుంటుంది,” అన్నాడు ప్రొఫెసరు.

మూడు వందల ఐదు. మూడు వందల తొమ్మిది. ఎవరో చీకట్లో మెట్టు మెట్టూ తడుముకుంటూ ఎక్కుతున్నట్టు అంకె ఎక్కింది. మూడు వందల పద్నాలుగు.

ఇన్‌స్పెక్టరు ఊపిరి అద్దం మీద ఆవిరై పేరుకుంది. చేత్తో గబగబా తుడిచాడు. “ఖాళీ గది బావా. అదుగో, ఖాళీ గది.”

“ఖాళీ గది ఊపిరి తీసుకుంటోంది,” అన్నాడు నిదానం. “బతికే ఉంది.”

ప్రొఫెసరు జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే లెక్క కట్టుకుంటున్నాడు. “ఒక మనిషి, కదలకుండా పడుకుని... గది పదహారడుగుల పొడవు, పదడుగుల వెడల్పు...”

“పదహారెక్కడిది సార్?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “పదడుగులు కూడా లేదు.”

“పదహారు. నా లెక్కలన్నీ దాని మీదే కట్టాను. గది చిన్నదైతే గాలి ఏమవుతుందో చూడటానికి గోడ జరుపుతానని ఇంజనీరు ఒకసారి...” ప్రొఫెసరు మాట మధ్యలో ఆపేశాడు. పెన్ను కిందపడింది.

ముగ్గురూ ఆ ఎదుటి గోడ వైపే చూశారు. పొద్దున ఇన్‌స్పెక్టరు తట్టకుండా వదిలేసిన గోడ. పెట్టె ఎందుకు దాని కాళ్ళ దగ్గర ఉందో ఇప్పుడు తెలిసింది. గోడ కింది సందులోంచి వచ్చే ఊపిరిని తను నొక్కిన బొత్తం పూర్తిగా దాచిందో లేదో చూసుకోవడానికి ఇంజనీరు అక్కడ పెట్టుకున్నాడు.

మూడు వందల ఇరవై రెండు. మూడు వందల నలభై. మూడు వందల అరవై మూడు.

“వేగం పెరిగింది,” అన్నాడు ప్రొఫెసరు. “ఇంత ఊపిరి ఒక్క మనిషిది కాదు. రెండో మనిషి వచ్చాడు. ఆయాసపడుతున్నాడు... మెట్లెక్కి వచ్చినట్టు.”

“గోడ అవతలి భాగానికి తలుపెక్కడుంది?”

“వెనక... పనివాళ్ళ మెట్ల వైపు.”

ఇన్‌స్పెక్టరు తాళాల గుత్తి వేళ్ళతో తిప్పి చూశాడు. వెనక తలుపు తాళం అందులో లేదు. ఇంతసేపూ ఆ గదిలో గొంతెత్తి మాట్లాడారు. కిటికీ తెరవమన్నదీ, అంకె చూస్తామన్నదీ అన్నీ ఇంజనీరు విన్నాడు.

“బావా, చూడు.”

అంకె ఆగిపోయింది. మూడు వందల ఎనభై. కాసేపటికి మళ్ళీ కదిలింది గానీ మునుపటిలా మెల్లగా, ఒక్క మనిషి లెక్కన.

“ఇద్దరిలో ఒకరు లేరు,” అన్నాడు ప్రొఫెసరు.

“వెళ్ళిపోయారా? ఊపిరి ఆగిపోయిందా?”

“పెట్టెకి ఆ తేడా తెలియదు.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మనిషి వెళ్ళిపోయినా, మనిషి పోయినా అది ఒకేలా చూపిస్తుంది.”

ఇన్‌స్పెక్టరు తలుపు తోసుకుని లోపలికి దూకాడు. బావ, బావమరిది ఇద్దరూ భుజాలు ఆనించి గోడని తోశారు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి నేలలోని పట్టాల మీద కీచుమంటూ జానెడు జరిగింది. లోపలి నుంచి వెచ్చని, మురిగిన గాలి ముఖాలకి కొట్టింది. దాని వెనకే ఒక దగ్గు.

ఆడమనిషి దగ్గు.

డాక్టరమ్మ మూలన ఒరిగి ఉంది. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి, నోటికి కట్టిన గుడ్డ మెడ మీదికి జారింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఒక్కో ఊపిరికీ మెడనరాలు తాళ్ళలా లేస్తున్నాయి. ఎదురుగా వెనక తలుపు తెరిచి ఉంది. బయట ఇనపమెట్ల మీద అడుగులు, బరువుగా, కిందికి.

ఇన్‌స్పెక్టరు ఆమెని లేపి ఛాతీకి ఆనించుకున్నాడు. “డాక్టరమ్మా! మేం వచ్చేశాం. కళ్ళు తెరవండి!”

“మందు,” అంది ఆమె. ఆ ఒక్క మాటకే ఊపిరంతా అయిపోయింది.

నిదానం చెయ్యి జేబులోకి వెళ్ళింది. జేబు ఖాళీ.

మందు ఎక్కడుందో గుర్తొచ్చింది. ఎనిమిది అంతస్తుల కింద, ఆ ఇనపమెట్ల నీడలో, ఒక ముసలి పిడికిట్లో.

“బావా!” ఇన్‌స్పెక్టరు అరిచాడు. ఆ గొంతులో పోలీసు లేడు. ఆస్పత్రి వరండాలో ఒంటరిగా నిలబడ్డ తమ్ముడే ఉన్నాడు. “ఈసారైనా పరుగెత్తు బావా!”

నిదానం అప్పటికే తలుపు దాటాడు. రెండేసి మెట్లు, మూడేసి మెట్లు. తుప్పు పట్టిన కమ్మీ అరచేతిని చీరుతోంది. ఒక అంతస్తు, ఇంకో అంతస్తు. కింద అడుగులు తనకన్నా ముందున్నాయి. మధ్యలో దూరం తరుగుతోంది గానీ, తరగాల్సినంత తరగడం లేదు.

అప్పుడు కింది నుంచి ముసలావిడ గొంతు వినిపించింది. ఏమీ తెలియని, ఆశపడే గొంతు.

“ఎవరు నాయనా దిగేది? మా అమ్మాయి కనిపించిందా?”

ముందున్న అడుగులు ఆగిపోయాయి.